ఇంతవరకే నేల అనుకున్న చిమ్మిలి

తంగేడుమెట్ట అని ఒక ఊరుంది. మనుషుల ఊరు కాదు, జంతువులది. కొండకింద వాలులో మేకలొక వైపు, గొర్రెలొక వైపు, బురద దొరికిన చోటల్లా పందులు, మిగిలిన చోటంతా కోళ్ళు. మనుషులు వదిలేసినవాళ్ళు, మనుషుల్ని వదిలేసి వచ్చినవాళ్ళు, అడవి పడక దిగివచ్చినవాళ్ళు, అందరూ అక్కడే చేరి కాపురాలు చేసుకుంటున్నారు. తగువులున్నాయి, పెత్తనాలున్నాయి, వారం వారం సంత ఉంది. ఊరన్నాక ఇంకేం కావాలి.

ఆ ఊరి చివర పాత గానుగ పాకలో సోములు అనే ముసలి ఎద్దు ఉండేవాడు. వయసంతా నువ్వుల గానుగ తిప్పాడు. కళ్ళకు గంతలు, మెడ మీద కాడి, రోలు చుట్టూ ఒకటే తిరుగుడు. కరెంటు మిల్లులు వచ్చాక యజమాని కాడి దించి, వీపు మీద చెయ్యేసి, "ఇంక నీ దారి నువ్వు చూసుకోరా" అని పట్నం వెళ్ళిపోయాడు. పాపం, మంచివాడే. కాకపోతే దారి చూసుకోమన్నాడు గానీ, దారంటే ఏమిటో సోములుకు ఎప్పుడు తెలుసు కనక? గంతలు తీసినా, కాడి దించినా వాడి కాళ్ళు గుండ్రంగానే నడిచాయి. నీళ్ళకని ఏటికి బయలుదేరేవాడు, తిరిగి తిరిగి మళ్ళీ రోలు దగ్గరికే వచ్చేవాడు. మెట్ట మీద అందరూ నవ్వారు. నవ్వనిది మరిడమ్మ ఒక్కతే.

మరిడమ్మ మేక. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఈ రెండో సంగతి తెలియాలంటే ముందు మొదటిదాన్ని భరించాలి. ఆవిడ రోజూ వచ్చి సోములు పక్కన నడిచింది. ఊరికే నడవలేదు, తిడుతూ నడిచింది. "కొంచెం ఇటు జరుగు బావా. ఇంకొంచెం. నీ సొమ్మేం పోదు." అలా రోజుకు కాస్త జరిపి జరిపి చివరికి ఏటి దాకా తీసుకుపోయింది. ఆ రోజు సోములు నీళ్ళలో మూతి పెట్టి ఏడ్చాడు. ఆ సంగతి మరిడమ్మ ఎవరికీ చెప్పలేదు. ఆవిడ ఎవరికీ చెప్పకుండా దాచుకున్న సంగతి బహుశా అదొక్కటే.

ఇక నక్క. ఇలాంటి కథలో నక్క రాకపోతే మీరే అడుగుతారు. ఈ నక్క తనకు తనే దయానిధి అని పేరు పెట్టుకున్నాడు. మెట్టకు తూర్పున, సంతకు వెళ్ళే దారి పక్కన ముళ్ళకంచె వేసి, వెదురు తడిక బిగించి, అది దిక్కులేని ప్రాణుల ఆశ్రమం అని చెప్పుకునేవాడు. ఆశ్రమంలో ప్రాణులెన్ని అంటే ఒక్కటే. అదొక చిన్న కుక్క. పిల్ల కాదు, ఎదిగిందే, కానీ చూడ్డానికి పిల్లంతే ఉంటుంది. ఎవరో బండి మీద పోతూ మెట్ట దగ్గర దింపేసి, వెనక్కి చూడకుండా పోయారట. దయానిధి చేరదీశాడట. ఈ 'అట'లన్నీ దయానిధి చెప్పినవే.

సంతకు వెళ్ళేవాళ్ళంతా ఆ కంచె ముందు ఆగేవారు. లోపల పక్కటెముకలు తేలిన కుక్కను చూసి అయ్యో అనేవారు. మూటలోంచి ఏదో ఒకటి తీసి తడిక పక్కన పెట్టేవారు. ఆ ఏడు చోళ్ళు, అదే రాగులు, బాగా పండాయి కాబట్టి, దాని నోట్లో ఇంత అంబలి పడుతుందిలే అని అందరూ చోడివెన్నుల కట్టలే తెచ్చి వేశారు. కట్టల కుప్ప పెరుగుతూ పోయింది. కుక్క తరుగుతూ పోయింది. రెండిటినీ పక్కపక్కనే చూస్తూ కూడా ఎవరికీ అనుమానం రాలేదు. జాలిపడ్డాం కదా, మన పని అయిపోయిందనుకుంటాం. మీరూ నేనూ అయినా అంతే.

మాఘమాసం చలిలో ఒక పొద్దున్న మరిడమ్మ వచ్చి గానుగ పాక గుమ్మంలో నిలబడింది.

"బావా, ఆ ఆశ్రమంలో కుక్క దగ్గుతోంది."

"చలి కదా మరిడమ్మా."

"చలి దగ్గు కాదు. లోపల్నుంచి వస్తోంది. వెనక్కాళ్ళు వణుకుతున్నాయి. నెత్తి మీద ఇంత ఆకు నీడైనా లేదు, రాత్రి కురిసే మంచు అంతా దాని మీదే. ఇలాగే వదిలేస్తే ఈ మాఘం దాటదు."

"దయానిధికి చెప్పకపోయావా?"

"చెప్పకుండా వస్తానా? 'మీ జాలిగుండెకు దండం మరిడమ్మగారూ, అయితే ఇంకో కట్ట వేసి వెళ్ళండి' అన్నాడు."

సోములు లేచాడు. పాకలో వాడొక్కడే. గడ్డి ఉంది, మూలన నువ్వుల నూనె తీయగా మిగిలిన పాత తెలకపిండి చెక్కలున్నాయి, వాన పడని చోటు ఇంకో పదిమందికి సరిపడా ఉంది. పొద్దుగూకితే పలకరించడానికి రోలు తప్ప ఇంకో ప్రాణి లేదు. ఇవన్నీ వాడు ఎప్పుడూ పైకి అనలేదు గానీ ఆశ్రమం దాకా అవే ఆలోచించుకుంటూ నడిచాడు.

దయానిధి ఎదురొచ్చాడు. "రండి రండి సోములన్నా. మీ పాదధూళి పడక ఆశ్రమం చిన్నబోయింది."

"ఆ కుక్కని నాకు ఇచ్చెయ్యి దయానిధీ. నా పాకలో ఉంచుకుంటాను."

"అయ్యో, అంతకన్నానా?" నక్క కళ్ళు తుడుచుకున్నాడు. తడి లేదు, అయినా తుడుచుకున్నాడు. "నేనేమైనా కట్టేశానా అన్నా? మెడ చూడండి, తాడుందా? తడిక తీసే ఉంది. తన కాళ్ళతో తను నడిచి ఈ తడిక దాటితే సంతోషంగా సాగనంపుతాను. ఒకటే మాట. ఎత్తుకుపోకూడదు, లాగకూడదు, పిలవకూడదు. ఇష్టం లేని ప్రాణిని బలవంతాన తీసుకుపోతే పాపం కదా. సంతజనం అందరి ముందూ నేను అంటున్న మాటే ఇది."

కంచె పక్కన గింజలేరుకుంటున్న కోళ్ళు తలలూపాయి. "అవునవును, అంటూనే ఉంటాడు. ఎంత మంచి మాటో."

"ఎంతమంది పిలిచి చూశారో మొదట్లో," అన్నాడు దయానిధి. "కదలదు. నన్ను విడిచి ఉండలేదు. అంత ప్రేమ."

సోములు లోపలికి వెళ్ళాడు. మధ్యలో ఒక గుంజ పాతి ఉంది. గుంజ చుట్టూ గడ్డి లేదు. కొంత దూరంలో నేల మీద గుండ్రంగా ఒక బాట పడి ఉంది, తొక్కి తొక్కి నున్నగా అయిన బాట. గానుగ చుట్టూ తన గిట్టలు వేసిన బాట కూడా అచ్చం అలాగే ఉంటుంది. 

వాణ్ణి చూసి కుక్క లేచి తోక ఊపుతూ ఎదురొచ్చింది. ఆ బాట దాకా వచ్చి ఆగిపోయింది.

"నీ పేరేంటమ్మా?" అన్నాడు సోములు.

"ఇదిగో."

"అదేం పేరు?"

"ఆయన అలాగే అంటాడు. ఎవరైనా వస్తే, ఇదిగో, చూడండి అంటాడు."

సోములు దాని ఒంటి రంగు చూశాడు. "నువ్వులూ బెల్లమూ కలిపి దంచితే చిమ్మిలి అంటారు. నీ ఒళ్ళు ఆ రంగే. చిమ్మిలీ అని పిలవనా?"

కుక్క ఆలోచించింది. "దాన్ని తింటారా?"

"తింటారు."

కుక్క ఒక అడుగు వెనక్కి వేసింది.

"నిన్ను కాదులే తల్లీ," అన్నాడు సోములు. "చిమ్మిలీ, నాతో రావాలని ఉందా? గడ్డి మీద వెచ్చగా పడుకోవచ్చు."

"రావాలనే ఉంది తాతా. కానీ ఇక్కడితో అయిపోతుంది."

"ఏది?"

"నేల." ముక్కుతో ఆ నున్నటి బాటను చూపించింది. "ఇంతవరకే నేల. ఇది దాటితే మెడ నొప్పెడుతుంది."

సోములు తల వంచి చూశాడు. మెడ చుట్టూ వెంట్రుకలు రాలిపోయి తాడంత వెడల్పున చర్మం తేలి ఉంది. తాడు మాత్రం లేదు. వాడికి తన వీపు మీద చెయ్యేసి వెళ్ళిపోయిన యజమాని గుర్తొచ్చాడు, ఏటికని బయలుదేరి రోలు దగ్గర తేలిన పొద్దులు గుర్తొచ్చాయి. ఈ పిల్లకు ఏం జరిగిందో ఇంకెవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

తిరుగుదారిలో మరిడమ్మ అంది, "మొదట్లో తాడుండేది బావా. నేను కళ్ళారా చూశాను. ఎందుకు కట్టావని అడిగితే, కొత్త కదా, దారి తప్పుతుంది అన్నాడు. ఆ తరవాత ఎప్పుడో తీసేశాడు."

"తీసేసినా ఒకటే అని తెలిశాక తీసేశాడు," అన్నాడు సోములు.

"దొంగముండాకొడుకు. ఇప్పుడేం చేద్దాం?"

"నువ్వు నాకేం చేశావో అదే చేద్దాం. పక్కన నడుద్దాం."

"పిలవకూడదు, లాగకూడదు అన్నాడుగా."

"నడవకూడదని అనలేదు."

మరిడమ్మ  మెడ పక్కకు తిప్పుకుని దారి పక్క తంగేడు ఆకు కొరికింది. మేకలు తంగేడు తినవు. ఉమ్మేసింది.

మర్నాడు సోములు వెళ్ళి, రోజూ పొద్దున్న వచ్చి ఆ గుంజ చుట్టూ కాసేపు తిరిగి పోతానని అడిగాడు.

"దేనికన్నా?" నక్క కళ్ళు చిట్లించాడు.

"గానుగ వదిలినా కాళ్ళు వదల్లేదు. రోలు చుట్టూ ఒంటరిగా తిరిగితే పొద్దు పోవడం లేదు. ఇక్కడైతే ఒక ప్రాణి ఉంటుంది."

దయానిధి వాణ్ణి ఎగాదిగా చూశాడు. ముసలాడికి మతి పోయిందనుకున్నాడు. ఆ తరవాత చూపు చోడికట్టల కుప్ప మీదికి పోయింది. చాలా రోజులుగా అదే దిగులు వాడికి. వెన్నులు తొక్కించి గింజ రాలిస్తే గాదె నిండుతుంది, ఏడాదంతా అంబలికి లోటుండదు. కానీ తొక్కేవాళ్ళు ఊరికే రారు, రమ్మంటే ఇంత పాలు అడుగుతారు. నక్క మీసాలు సన్నగా కదిలాయి.

"ఖాళీగా తిరగడం ఎందుకన్నా? కాళ్ళకింద నాలుగు వెన్నులు పరుస్తాను. ఆశ్రమానికి సేవ చేసిన పుణ్యం మీకు."

"నీ ఇష్టం," అన్నాడు సోములు.

"మరి కళ్ళం అన్నాక మూతికి చిక్కం ఉండాలి. మీ మీద నమ్మకం లేక కాదు. ఆచారం."

"కట్టు."

కొబ్బరి తాడుతో అల్లిన చిక్కం తెచ్చి నక్క స్వయంగా బిగించాడు. అది బిగిస్తే వెన్నులు మేయడానికి లేదు, నోరు తెరిచి పిలవడానికి అసలే లేదు. రెండు విధాలా లాభమని లోపల మురిసిపోయాడు. ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడే మరిడమ్మ సోములు బుగ్గన ఒక తెలకపిండి ముక్క పెట్టిందని వాడికి తెలియదు. చిక్కానికి కన్నాలుంటాయన్న సంగతి తెలిసినా, అటు ధ్యాస పోలేదు.

మొదటి పొద్దున్న నక్క గుంజ దగ్గర కొద్దిగా వెన్నులు పరిచాడు. సోములు చిమ్మిలి వంక చూడకుండా ఆ నున్నటి బాట లోపలే తిరగడం మొదలుపెట్టాడు. అంత పెద్ద ఎద్దుకు ఆ చోటు ఏ మూలకీ చాలదు. మెడ మెలితిప్పి, నడుం వంచి, గిట్టలు ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ తిరిగాడు. చిమ్మిలి గుంజకు ఆనుకుని చూసింది. ప్రతి పొద్దున్నా ఒంట్లో వెచ్చదనం కోసం తను ఒక్కతే నడిచే బాట అది. దాని మీద ఇంకొకరు నడవడం ఎప్పుడూ చూడలేదు. చాలాసేపు చూసి, మెల్లిగా లేచి, వాడి ముందుకాలి పక్కన చేరి నడిచింది. ఎద్దు ఒంటి నుంచి వెచ్చగా ఆవిరి వస్తోంది. చలికి అటువైపు సోములు గోడలా అడ్డం ఉన్నాడు.

ఎండెక్కాక సోములు అక్కడే మోకాళ్ళు మడిచి పడుకుని మూతి కిందికి దించాడు. చిక్కం కన్నాల్లోంచి తెలకపిండి పొడి రాలింది. చిమ్మిలి నాకింది. ఏం, ఎందుకు అని అడగలేదు. చాలా ఆకలిగా ఉన్నవాళ్ళు అడగరు.

అలా సాగింది. నక్క రోజూ కొంచెం ఎక్కువ పరిచాడు. సోములు రోజూ ఒక గిట్ట వెడల్పు బయటికి జరిగాడు. అంతకు మించి జరగలేదు. పరిచిన చోడిగడ్డి నెమ్మదిగా ఆ నున్నటి బాటను కప్పేసింది. ఇది సోములు ముందుగా అనుకున్నది కాదు. ఒక పొద్దున్న తల తిప్పి చూసుకుంటే బాట కనబడలేదు. కింద అంతా గడ్డే. చిమ్మిలి వాడి కాలి పక్కన గడ్డిలో ముంగాళ్ళు ఎత్తెత్తి వేసుకుంటూ, అప్పుడే ఆ గీత దాటేసి నడుస్తోంది. సోములు అడుగు తడబడకుండా చూసుకోవడానికి నానా తంటాలూ పడ్డాడు.

కంచె బయట సంతజనం నవ్వుకున్నారు. "చూశారా, గానుగ వదిలినా గుండ్రం వదల్లేదు ముసలాడికి," అని ఒక పంది అంటే, ఇంకో పంది నవ్వలేక బురదలో పొర్లింది. మరిడమ్మ ఆ రెండిటినీ ఏమందో ఇక్కడ చెప్పడం బాగుండదు.

అంతా సవ్యంగా ఉందనుకున్న రోజునే దెబ్బ తగిలింది. గాలి విసురుకు గడ్డి ఒకచోట ఎగిరి కిందున్న నున్నటి బాట బయటపడింది. బాట లోపలెక్కడో ఉంది, తను దానికి అవతల ఉంది. చిమ్మిలి అది చూసింది. కాళ్ళు బిగుసుకుపోయాయి, మెడ ముడుచుకుంది, ఎవరో లాగినట్టు కీచుమని అరుస్తూ గుంజ దగ్గరికి పరుగెత్తి దాన్ని కరుచుకుని పడుకుంది. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

"చెప్పానా," అన్నాడు దయానిధి కంచె మీదుగా అందరికీ వినబడేలా. "ప్రేమ. నా గుంజంటే దానికి ప్రాణం."

సోములుకు దుఃఖం ముంచుకొచ్చింది. భయం లేదమ్మా అని ఒక్క మాట అనాలని ఉంది. మూతికి చిక్కం. వాడు మెల్లిగా వెనక్కి వచ్చి, మొదటి రోజు తిరిగినంత చిన్న చుట్టులో, మెడ మెలితిప్పుకుని, మళ్ళీ మొదటి నుంచీ తిరగడం మొదలుపెట్టాడు. అన్ని రోజుల నడకా పోయింది. పోతే పోయింది. మరిడమ్మ కంచె బయట నిలబడి చూసింది.

పొద్దు బారెడెక్కాక చిమ్మిలి గుంజను వదిలింది. వచ్చి వాడి ముందుకాలి పక్కన తన చోటులో నిలబడింది.

"తాతా, కోపం వచ్చిందా?" అంది.

సోములు తల అడ్డంగా ఊపాడు. చిక్కం లోంచి ఇంత తెలకపిండి రాలింది.

మళ్ళీ రోజుకింత జరుగుతూ ఇద్దరూ కంచె అంచు చేరేసరికి మాఘం చివరికొచ్చింది, పడమట మబ్బు పట్టింది. మాఘంలో వాన కురిస్తే కుప్ప తడుస్తుంది, తడిస్తే వెన్నులు మొలకెత్తుతాయి. దయానిధికి కాలు నిలవలేదు. ఒక్కరోజులో అంతా తొక్కించెయ్యాలి, దానికి ఈ చోటు చాలదు. ఎద్దు కూడా ఇప్పుడు కంచె అంచుల దాకా తిరుగుతున్నాడు, ఇంకాస్త జాగా ఇస్తే ఒక్క పొద్దులో పని తీరిపోతుంది. నక్క చకచకా లెక్కేసుకుని తూర్పువైపు ముళ్ళకంచె పీకి పక్కన పడేశాడు. వెదురు తడికను కూడా దాని రెండు రాటలతో సహా పీకి కంచె మీద పారేశాడు. కట్టలన్నీ విప్పి దారి అంచు దాకా పరిచాడు.

"తొక్కండి అన్నా, బాగా వెడల్పుగా తొక్కండి," అన్నాడు.

సోములు బాగా వెడల్పుగా తొక్కాడు.

ఆ రోజు సంత. మబ్బు చూసి అందరూ తొందరగా బయలుదేరారు. గొర్రెలు, కోళ్ళు, పందులు దారిలో ఆగిపోయారు. ఎప్పుడూ కంచె ఉండే చోట కంచె లేదు. వాళ్ళ కాళ్ళ ముందు నుంచే ఎద్దు తల వంచుకుని సాగిపోతున్నాడు, వాడి కాలి పక్కన చిన్న కుక్క తోక కాస్త పైకెత్తి నడుస్తోంది. చుట్టు తిరిగి వెళ్ళారు, చుట్టు తిరిగి వచ్చారు.

మరిడమ్మ తీయగా పలకరించింది. ఆవిడ తీయగా మాట్లాడిందంటే అవతలివాడు జాగ్రత్తపడాలి. పని హడావుడిలో నక్క పడలేదు. "కళ్ళం భలే పెద్దది చేశావు దయానిధీ. ఇదివరకు తడిక ఎక్కడుండేది?"

"అదిగో, ఆ రెండు గుంతలు లేవూ, అక్కడ. ఎంత చాకిరీ అనుకున్నారు, పీకేసరికి నా..." అని గుంతల వైపు చూపించి, నక్క ఆగిపోయాడు.

గుంతలు ఎద్దుకు వెనకాల, చాలా దూరంలో ఉన్నాయి. చిమ్మిలి వాటికి ఇవతల, సంతదారి అంచున ఉంది.

"మరి ఆ పిల్ల ఎక్కడుంది?" అంది మరిడమ్మ.

సంతజనం గుంతలనూ పిల్లనూ మార్చి మార్చి చూశారు. ముక్కున వేలేసుకోవడానికి వేళ్ళు లేవు కాబట్టి ఊరికే నోళ్ళు తెరిచారు.

"తడికే లేనప్పుడు దాటడమేంటి?" అన్నాడు నక్క. "చెల్లదు."

"ఎత్తుకుపోయారా?" అంది మరిడమ్మ.

"లేదనుకో."

"లాగారా?"

"లేదు. కానీ..."

"పిలిచారా? నువ్వే కదయ్యా ఆయన నోటికి చిక్కం కట్టావు. తడిక కూడా నువ్వే పీకావు. తన కాళ్ళతో తను నడిచి వచ్చింది. ఇంతమంది చూశాం."

"చూశాం," అంది ఒక పంది. మొన్న నవ్వింది అదే.

ఆ గొడవకు సోములు ఆగాడు, చిమ్మిలి ఆగింది. తల తిప్పి చూసింది. ఎక్కడో దూరంగా గుంజ కనబడింది. అంత చిన్నగా గుంజను ఎప్పుడూ చూడలేదు. దాని ఒళ్ళంతా వణకడం మొదలైంది.

దయానిధి అది కనిపెట్టాడు. మెత్తటి గొంతుతో, "ఇదిగో," అన్నాడు. "ఇదిగో, ఇటు రా. మన గుంజ దగ్గరికి రా."

"పిలవకూడదన్నావు," అని మరిడమ్మ కొమ్ములు వంచింది. కానీ పిలుపు అప్పటికే చిమ్మిలి చెవిన పడింది. వెనక్కి ఒక అడుగు వేసింది.

సోములు ఒక్కసారి పేరు పెట్టి పిలిస్తే చాలు, నోటికి చిక్కం. అడ్డం నిలబడితే చాలు, కానీ అడ్డం నిలబడితే అదీ ఒక తాడే అవుతుంది. వాడు నిలబడిన చోటే నిలబడ్డాడు. చెయ్యగలిగింది ఒక్కటే చేశాడు. ఆమె నడిచే వైపు ముందుకాలు కొంచెం పక్కకు జరిపి, రోజూ ఉంచినట్టే అక్కడ ఆమెకు చోటు ఉంచాడు.

చిమ్మిలి గుంజ వైపు చూసింది. ఆ చోటు వైపు చూసింది. మెల్లిగా వచ్చి అందులో నిలబడింది. అక్కడితో చోడిగడ్డి అయిపోయింది, ముందున్నది ఒట్టి దారి. ఒక ముంగాలు ఎత్తి ఆ దుమ్ములో పెట్టి, కళ్ళు మూసుకుని, మెడ నొప్పి కోసం ఎదురుచూసింది. నొప్పి రాలేదు. ఇంకో కాలు పెట్టింది. అప్పుడూ రాలేదు.

"తాతా," అంది ఆశ్చర్యంగా. "నేల ఇంకా ఉంది."

మరిడమ్మ ఒక్క ఉరుకున వచ్చి చిక్కం తాడు పళ్ళతో కొరికేసింది. అన్నాళ్ళూ లోపల బిగబట్టిన పేరు సోములు నోట్లోంచి ముందుగా వచ్చింది.

"చిమ్మిలీ. ఉంది తల్లీ. ఏటి దాకా ఉంది. ఏరు దాటినా ఉంది."

సంతజనం ఇప్పుడు నిజంగా చూశారు. కుక్క మెడ చుట్టూ తాడు మచ్చ చూశారు, నేల మీద మందంగా పరిచిన తమ చోడివెన్నులు చూశారు. ఒక గొర్రె మూటలోంచి తీయబోయిన కట్టను మళ్ళీ లోపల పెట్టుకుంది. ఎవరూ దయానిధిని తిట్టలేదు, మరిడమ్మ తప్ప. ఆవిడ అందరి వాటా కలిపి తిట్టింది.

మధ్యాహ్నానికి వాన వచ్చింది. తొక్కిన గింజ, గడ్డి, పొట్టు అన్నీ కలిసిపోయి బురదలో నానాయి. ఎత్తడానికి సాయం రమ్మని నక్క దారిన పోయేవాళ్ళను బతిమాలాడు. వాన పడుతోందన్నా, పనుందన్నా అని తలా ఒక మాట చెప్పి వెళ్ళిపోయారు. వారం తిరిగేసరికి ఆశ్రమం నిండా చోడిమొలకలు పచ్చగా లేచాయి. వాటి మధ్య ఉత్త గుంజ. దయానిధి కంచె మళ్ళీ కట్టుకుని, తడిక బిగించుకుని, లోపల తనొక్కడే కూర్చుని సంతదారి వంక చూసేవాడు. ఎవరూ ఆగేవారు కాదు. మెడ వేలాడేసి, పొట్ట లోపలికి లాక్కుని కూడా చూశాడట. లాభం లేకపోయింది.

గానుగ పాకకు వచ్చాక కూడా చిమ్మిలి కొన్నాళ్ళు రోలు చుట్టూనే తిరిగింది. సోములు కూడా పక్కన తిరిగాడు. తెలకపిండి తిని పక్కటెముకల మీద కాస్త కండ పట్టింది, మెడ మీద వెంట్రుకలు మొలిచాయి, దగ్గు తగ్గింది. చలికి వాడి పొట్టకు ఆనుకుని పడుకునేది. వాడు పక్కకు తిరగాలనిపించినా తిరిగేవాడు కాదు. ఒకరోజు ఇద్దరూ నీళ్ళకని బయలుదేరి ఏటి దాకా వెళ్ళారు. నీళ్ళు చూడగానే చిమ్మిలి సోములు కాలి పక్కన తన చోటు వదిలేసి, ఇసుకలో ఎటు పడితే అటు, వంకరటింకరగా, ఒక్కతే పరుగెత్తింది. సోములు ఏట్లో మూతి పెట్టాడు. వెనక మరిడమ్మ ఉంది, చూసింది. ఈసారి కూడా ఎవరికీ చెప్పలేదు.

తాడు విప్పినంత మాత్రాన కట్టు వదలదు, అది వదిలేదాకా ఎవరో ఒకరు పక్కన నడవాలి.